అవ్వ సిరిసిల్లకొచ్చిన ఏడు

సిరిసిల్ల,
2002 జూన్

తమ్ముడు శ్రవణ్‌కు,

ముందుగా నువ్వు నమ్మని మాట ఒకటి రాస్తున్నాను. అవ్వ మా ఇంటికొచ్చింది. చుట్టపు చూపుగా కాదు, ఉండిపోవడానికే వచ్చింది.

నా పెళ్లయినప్పటి నుంచి ఎన్నిసార్లు బతిమాలానో నీకు తెలుసు. పిలిచిన ప్రతిసారీ కోళ్లకు గింజలెవరు వేస్తారనేది, తడిపిన బీడీ ఆకు పాడవుతుందనేది. బలవంతాన తీసుకొస్తే ఒక రాత్రి ఉండి, తెల్లారకముందే మూట కట్టుకుని గుమ్మంలో కూర్చునేది. మొన్న నేనే కోరుట్లకు వెళ్లాను, చూసి వద్దామని. అన్నీ అడిగింది. చివరికి, "అల్లుడేమంటుండు?" అంది.

"ఏమనడు అవ్వా. ఊకెనే ఉంటుండు, నోరిప్పడు," అన్నాను.

చేతిలో చుడుతున్న బీడీని సగంలో ఆపి నా ముఖం చూసింది. పొద్దున లేచేసరికి కోళ్లను పక్కింటి బాలలక్ష్మికి అప్పజెప్పి, తలుపుకు తాళం వేసి, "నడువు, బస్సు పోతది," అని నాకంటే ముందు నడిచింది. బీడీల చాట, ఆకు కట్టలు, కత్తెర, అన్నీ నెత్తిమీదే. నాకేమీ అర్థం కాలేదు.

మా గురించి బెంగ పెట్టుకోకు. బట్ట నేసే సాంచాలు నడుస్తున్నాయి. మీ బావ కులాసా. నువ్వు షార్జాకు వెళ్లి మూడో ఏడు నడుస్తోంది. సెలవు ఎప్పుడు ఇస్తారో రాయి.

అవ్వ పక్కనే కూర్చుంది. తను చెప్పింది చెప్పినట్టే రాయమంటోంది:

"శ్రవణూ, ఎండల పని చేసేటప్పుడు తలకు తువ్వాల చుట్టుకో. ఆడ ఒంటెలుంటయట గద, దగ్గరికి పోకు. నాకేం పంపకు, ముసల్దాన్ని ఏం జేసుకుంట. మాట రాయి. పెద్దగ రాయి."

నీ అక్క,
లత


షార్జా,
2002 ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం చాలాసార్లు చదువుకున్నాను. అవ్వ సిరిసిల్లలో! నీ ఇంటి ముందు కాళ్లు చాపుకుని, వచ్చేపోయే వాళ్లందరి కులగోత్రాలు అడుగుతూ ఉంటుంది. నాకు కనిపిస్తోంది.

ఇక్కడ సాయంత్రాలు పని దిగాక ఎవరి మంచం మీద వాళ్లు పడుకుంటాం. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి. అమ్మ ముఖం నాకు గుర్తులేదు. కళ్లు పచ్చబడి, పసిరికలు వచ్చి పోయిందని నువ్వు చెబితేనే తెలుసు. బాపు మాత్రం గుర్తున్నాడు. తాటిచెట్టు మీది నుంచి పడ్డాక నులక మంచంలో గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను పక్కన చేరితే జరిగి చోటిచ్చేవాడు కానీ మాట్లాడేవాడు కాదు. తరువాత ఒకనాడు బొంబాయికి పనికని వెళ్లాడు. అంతే. ఒక్క కబురు లేదు. ఆయన ఉన్నాడో లేడో ఈ రోజుకూ మనకు తెలియదు.

బడిలో పిల్లలు నన్ను "పారిపోయిన కొమురెల్లి కొడుకు" అని పిలిచేవాళ్లు. నీకు గుర్తుందా, ఒకరోజు నేను ఏడ్చుకుంటూ ఇంటికొస్తే, అవ్వ ఏమీ అనకుండా మర్నాడు బీడీల చాట పట్టుకుని నాతోపాటు బడికి వచ్చింది. తరగతి గుమ్మంలో కూర్చుని రోజంతా బీడీలు చుట్టింది. సారు లేవమంటే, "నేనే వీని బాపును. ఎవలికేం అడుగుడున్నా నన్నడుగుండ్రి," అంది. మళ్లీ ఆ మాట ఎవరి నోటా రాలేదు. ఆ రోజు నాకు సిగ్గేసింది అక్కా. ఇప్పుడైతే ఆమె పక్కనే కూర్చుని ఆకు అందిస్తాను.

నాకిక్కడ బాగానే ఉంది. మా క్యాంపు మారింది. ఇకనుంచి ఉత్తరాలు పెంటయ్య పేరున, ఈ కింది చిరునామాకు రాయి. మన రాయికల్ వాడే. మెస్ నడుపుతాడు, మంచివాడు.

ఒక్క మాట దాచకుండా చెప్పు. కోళ్లను వదిలి అవ్వ కదిలిందంటే అది మామూలు సంగతి కాదు. మీ ఇంట్లో ఏం జరుగుతోంది?

నీ తమ్ముడు,
శ్రవణ్


సిరిసిల్ల,
2002 సెప్టెంబర్

శ్రవణ్,

నువ్వు అడిగినందుకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. సాంచాలు నడుస్తున్నాయని రాశాను. అది అబద్ధం. మీ బావ పనిచేసే కార్ఖానా చలికాలం పోతూనే మూతపడింది. మా వాడలో పొద్దస్తమానం సాంచాల చప్పుడు ఉండేది, పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సి వచ్చేది. ఇప్పుడు ఎదురింట్లో గ్లాసు కింద పడినా వినిపిస్తుంది. చాలామంది మగ్గాల పని వెతుక్కుంటూ భీవండి వెళ్లిపోయారు. ఇద్దరు మనుషులు తమ ప్రాణం తామే తీసుకున్నారు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మీ బావ తాగడు, తిట్టడు, కసురుకోడు. పెట్టింది తిని గోడకానుకుని కూర్చుంటాడు. ఓర్చుకుంటున్నాడనుకున్నాను. మంచిదే అనుకున్నాను.

అవ్వ వచ్చీ రాగానే వంట తన చేతిలోకి తీసుకుంది. ఒకరోజు ముద్ద నోట్లో పెట్టుకోగానే, "అవ్వా, పప్పుల ఉప్పు మరిచినవ్," అన్నాను. కళ్లతోనే ఊరుకోమంది. ఎదురుగా మీ బావ కంచం ఖాళీ చేసి, చేయి కడుక్కుని లేచిపోయాడు.

"మరువలేదే," అంది అవ్వ మెల్లగా. "నిన్న గూడ ఎయ్యలే. నువ్వు ఉపాసముంటివి, నీకు తెల్వలే. పిలగాడు రెండు దినాల సంది సప్పటి కూర తింటుండు, నోరు తెరుస్తలేడు. మీ బాపు గూడ గిట్లనే తిన్నడు."

నా చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది.

ఇక మర్నాటి నుంచి ఆయనకు తీరిక లేకుండా చేసింది. కళ్లు మసకబారాయని ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. రాజన్నకు మొక్కుందని వేములవాడకు తీసుకుపొమ్మంది. వెళ్లొచ్చాక గుడిలో మొక్కు కోడెను కట్టడం మరిచిపోయానని మళ్లీ బయలుదేరదీసింది. దారంతా "గీ బస్సు యాడికి పోతదో అడుగు", "గామెకు జరుగుమని చెప్పు" అంటూ ఆయన నోటిచేత ఎవరో ఒకరితో మాట్లాడించేది. ఇంట్లో ఉంటే అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని కత్తెర చేతికిచ్చేది. "నా ఏళ్లు వంగుతలేవు కొడుకా, గీ ఆకు కత్తిరించియ్యి," అనేది. మగవాడు బీడీ ఆకు కత్తిరించడమేమిటని వాడంతా నవ్వారు. "నవ్వనియ్యి, పండ్లు తెల్లగున్నయని సూపెట్టుకుంటుండ్రు," అంది.

అలా చాలా రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను. అరుగు మీది నుంచి మీ బావ గొంతు వినిపించింది.

"అవ్వా, పొద్దుగాల లేస్తే ఎందుకు లేచిన్నా అనిపిస్తుంది. బతకబుద్ధి అయితలేదు."

మడత వదిలేసి తలుపు దగ్గరికి వచ్చాను. అవ్వ ఏడవలేదు. ధైర్యం చెప్పనూ లేదు. జ్వరం ఎప్పుడొచ్చిందని అడిగినట్టు అడిగింది.

"ఎప్పటి సంది?"

"ఉగాది ముంగట సంది."

"లతకు చెప్పినవా?"

"లే. భయపడతది."

"భయపడనీ. భయపడుడు పెండ్లాం పనే." ఆయన చేతిలోని కత్తెర తీసి కింద పెట్టింది. తరువాత అంది: "మా కొమురెల్లి గీ మాట నాకు చెప్పలే కొడుకా. నేను గూడ అడగలే. చెట్టు మీదికెల్లి పడ్డడు, నొప్పి నడుములున్నదనుకున్న. బొంబాయి పోత అంటే సద్ది గట్టిచ్చి బస్సెక్కించిన. నువ్వు చెప్పినవ్. చెప్పినోన్ని నేనెట్ల పోనిస్త?"

నన్ను బయటికి పిలిచింది. ఆ మాటే నాకు ఇంకోసారి చెప్పమంది ఆయన్ని. చెప్పాడు. ముగ్గురం అక్కడే కూర్చున్నాం. కత్తిరించిన ఆకు గాలికి లేచిపోతున్నా ఎవరూ పట్టుకోలేదు.

ఆ వారమే కరీంనగర్‌లో మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి వెళ్లాం. నలుగురూ ఏమనుకుంటారోనని నేను సంకోచిస్తే అవ్వ ఒప్పుకోలేదు. "జరమొస్తే గోలి మింగమా? గిది గూడ గంతే," అంది. ఇప్పుడు కాస్త నయం. మొన్న చాయ్‌లో చక్కెర తక్కువైందని నా మీద గయ్యిమన్నాడు. లోపల అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

అన్నీ చెప్పేశాను. నువ్వు కూడా ఏదీ దాచకు.

లత


షార్జా,
2002 నవంబర్

అక్కకు,

ఉత్తరం చేరింది. బావ కోలుకుంటున్నందుకు సంతోషం. నేను బాగున్నాను. ఎండలు తగ్గాయి. ఈ ఏడు సెలవు దొరకదు. అవ్వకు చెప్పు.

బాపు సంగతి రాశావు. ఇన్నేళ్లూ ఆయన మనల్ని వదిలించుకుని పోయాడనే అనుకున్నాను.

ఇంకేమీ తోచడం లేదు.

శ్రవణ్


కోరుట్ల,
2003 జనవరి

తమ్ముడూ,

అవ్వ పోయింది.

ఈ మాట ఎలా రాయాలో తెలియక కాగితం ముందు పెట్టుకుని రెండు రోజులుగా కూర్చున్నాను. చివరికి ఇలాగే రాశాను.

మీ బావకు వేములవాడలో ఒక లాడ్జిలో పని దొరికింది. గదుల కరెంటు, నీళ్లు చూసుకోవాలి. ఆయన పనికి పోయి నెల తిరగ్గానే అవ్వ మూట కట్టింది. "ఇగ నా కోళ్లు నన్ను మరుస్తయి," అంది. బస్సు దాకా మేమిద్దరం వెళ్లాం. ఎక్కేముందు మీ బావ గడ్డం పట్టుకుని, "అప్పుడప్పుడు లొల్లి పెట్టుకో కొడుకా, ఊకె మంచిగుండకు," అంది.

డిసెంబరు చలికి దగ్గు పట్టుకుంది. బాలలక్ష్మి కబురు చేసేసరికే రొమ్ము పట్టేసింది. మీ బావ భుజం మీద వేసుకుని జగిత్యాల ఆస్పత్రికి తీసుకుపోయాడు. కొన్ని రోజులు ఉంచారు. నయం కాలేదు. ఇంటికి తీసుకుపొమ్మని ఆమే పోరు పెట్టింది. తన ఇంట్లో, తన మంచం మీద, పొద్దున ఎండ గుమ్మంలోకి వచ్చే వేళ పోయింది. మీ బావ చేత్తోనే నీళ్లు తాగింది. తలకొరివి కూడా ఆయనే పెట్టాడు. "నేను మనుమన్ని," అన్నాడు, ఎవరో అడిగితే.

నీకు చెబుదామని ఆస్పత్రి నుంచే మీ కంపెనీకి ఫోన్ చేయించాం. ఆ పేరుగల మనిషి పని వదిలి వెళ్లిపోయి ఆరు నెలలు దాటిందన్నారు. ఎక్కడున్నాడో తెలియదన్నారు.

నువ్వెక్కడున్నావు శ్రవణ్?

అవ్వకు ఈ సంగతి నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు. నీ నవంబరు ఉత్తరం చదివి వినిపించినప్పుడే, "గంతేనా? మల్లొక్కసారి సదువు," అంది. మళ్లీ చదివాను. కాగితం నా చేతిలోంచి తీసుకుని వెనకా ముందూ తిప్పి చూసింది. తరువాత అంది: "వీడు మాట మింగుతుండు లతా. నేను పోలేని దూరముండు. దగ్గరుంటే నీ మొగడు గంగాధరు లెక్కనే పక్కకు గూసుండబెట్టుకుందును."

ఆఖరి రోజుల్లో నిన్నే తలచింది. మగతలో నిన్నూ బాపునూ ఒకరనుకునేది. "పోకు కొడుకా, ఏమైందో చెప్పి పో," అనేది. ఎవరిని అంటోందో నాకు తెలిసేది కాదు.

పెంటయ్య చిరునామాకే పంపుతున్నాను. చేరితే ఒక్క ముక్క రాయి. బతికున్నానని రాసినా చాలు.

నీ అక్క,
లత


జగిత్యాల,
2003 మార్చి

అక్కా,

పైన ఊరి పేరు చూసి ఉలిక్కిపడ్డావు కదూ. జగిత్యాలలోనే ఉన్నాను. వచ్చి మూడు వారాలవుతోంది.

కంపెనీ నెలల తరబడి జీతాలివ్వలేదు. అడిగిన వాళ్లను వేరే క్యాంపుకు తోశారు. ఒకరోజు నేనూ ఇంకో ఇద్దరమూ బయటికి వచ్చేశాం. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. అప్పటినుంచి దొంగలా బతికాను. పగలు ఎవరికీ కనపడని చోట పని, దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. పోలీసు బండి కనపడితే గోడ వెనక్కి తప్పుకోవడం. పెంటయ్య అన్నం పెట్టాడు కాబట్టి నిలబడ్డాను. మీకు రాయలేకపోయాను. అవ్వ పెద్దగా రాయమంది. ఏమని రాయను?

నీ ఉత్తరం పెంటయ్యే చదివాడు. నేను చదవలేకపోయాను. కాగితాలు లేనివాళ్లు శిక్ష లేకుండా వెళ్లిపోవచ్చని అక్కడి సర్కారు మాఫీ ఇచ్చింది. ఆయనే నన్ను వరసలో నిలబెట్టి విమానం ఎక్కించాడు. కోరుట్లకని టికెట్ తీసుకుని బస్సెక్కాను. బస్సు జగిత్యాలలో ఆగింది. చాయ్ కోసం దిగాను. మళ్లీ ఎక్కలేకపోయాను.

బస్టాండు వెనక మొగిలయ్యది వెల్డింగ్ షాపు. వెనకటికి ఐ.టి.ఐ. చదివినప్పుడు పని నేర్పిన మనిషి. అక్కడే పనిచేసి అక్కడే పడుకుంటున్నాను. ఒకసారి కోరుట్లకు వెళ్లాను. తాళం చూశాను. బాలలక్ష్మి పిలిచేలోపే తిరిగొచ్చేశాను.

నన్ను చూడటానికి రావద్దు. కోపంతో కాదు. సంపాదించడానికి వెళ్లినవాణ్ని ఉన్నది పోగొట్టుకుని వచ్చాను. అవ్వ నోట్లో నీళ్లు పోయాల్సిన వేళ ఎవడి గోడ వెనకో దాక్కున్నాను. ఏ ముఖంతో నీ గుమ్మం ఎక్కను? ఎవరితోనూ మాట్లాడాలని లేదు. పని ఉన్నంతసేపు ఫర్వాలేదు. పని ఆగితే గోడవైపు తిరిగి పడుకుంటాను.

శ్రవణ్


సిరిసిల్ల,
2003 మార్చి

శ్రవణ్,

మీ బావ గంగాధర్ రాస్తున్నాను. నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు. లత మొదలుపెట్టింది కానీ కాగితమంతా తడిసింది.

నువ్వు రావద్దన్నావు. నేను వస్తున్నాను. గురువారం నాకు లాడ్జిలో సెలవు. పొద్దున బస్సుకు బయలుదేరతాను. నువ్వు మాట్లాడకపోయినా సరే. నేనూ అంత మాటకారిని కాదు.

ఒక్క సంగతి చెప్పాలి. నువ్వు గోడవైపు తిరిగి పడుకుంటానని చివర్న మామూలుగా రాసేశావు. అది మామూలు మాట కాదని నాకు తెలుసు. లత ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది.

అవ్వ నీళ్లు నా చేత్తో తాగింది. నిజమే. కానీ ఆ చెయ్యి ఉండటానికి ఆమే కారణం. కాబట్టి అందులో నీకు నేను బాకీ లేను, నువ్వు నాకు బాకీ లేవు.

గురువారం వస్తాను. ఎక్కడికీ పోకు.

గంగాధర్


కోరుట్ల,
2003 మార్చి

అక్కా,

బావ వచ్చాడు.

షాపు ముందు నిలబడి మొగిలయ్యకు దండం పెట్టి, ఒక పాత టైరు మీద కూర్చున్నాడు. బాగున్నావా అనలేదు. నేను తల ఎత్తలేదు. గేటు ఒకటి అతుకుతున్నాను. నిప్పురవ్వలు లేస్తుంటే ఆయన అటే చూస్తున్నాడు. చివరికి నేనే అన్నాను, "చూడకు బావా, కండ్లు పోతయి."

"చూడ. కానీ పోను," అన్నాడు. ముఖం పక్కకు తిప్పి అలాగే కూర్చున్నాడు.

ఎంతసేపని పని చేయను? మొగిలయ్య నా చేతిలోంచి హోల్డరు తీసుకుని, "ఇయ్యాల్టికి సాలు, గీనతోని పో," అన్నాడు. చాయ్ దుకాణంలో కూర్చున్నాం. బావ గ్లాసు కింద పెట్టి సూటిగా అడిగాడు.

"బతకబుద్ధి అయితుందా?"

అలా ఎవరూ నన్ను అడగలేదు అక్కా. అక్కడ అందరం ఒకరినొకరం జాగ్రత్తగా చూసుకునేవాళ్లం, కానీ ఆ మాట మాత్రం ఎవరం అనలేదు. నేనూ గ్లాసు కింద పెట్టాను. "కొన్ని దినాలు కాలేదు బావా," అన్నాను. "ఇప్పుడు తెల్వది."

"నాగ్గూడ గట్లనే ఉండె. తెల్వదనుడు గూడ మంచిదే," అన్నాడు.

ఆ తరువాత ఏమైందో! నోరు ఆగలేదు. క్యాంపు, గోడ వెనక దాక్కోవడం, పెంటయ్య నా తల నిమురుతూ నీ ఉత్తరం చదవడం, అన్నీ చెప్పాను. దుకాణం వాడు రెండుసార్లు వచ్చి గ్లాసులు తీసుకుపోయాడు. బావ ఒక్కసారి కూడా మధ్యలో మాట్లాడలేదు. నేను ఆగితే మాత్రం, "మల్ల?" అనేవాడు.

సాయంత్రానికి ఇద్దరం కోరుట్ల బస్సెక్కాం. బావ తాళం తీశాడు. లోపల బీడీల తునికాకు వాసన ఇంకా ఉంది. అవ్వ మంచం మీద కూర్చుని ఏడ్చాను. బాలలక్ష్మి గుమ్మంలో నిలబడి, "ఏడువనీ, గామె కోసం ఎవలన్న పెద్దగ ఏడ్వాలె గద," అంది. ఆమె కూడా ఏడ్చింది. బావ పొయ్యి వెలిగించి అన్నం వండాడు. మెత్తగా అయింది. తిన్నాం.

పొద్దున వాగు దాకా వెళ్లాం. అవ్వ అస్థికలు కలిపిన చోటు చూపించి బావ దూరంగా వెళ్లి నిలబడ్డాడు. అక్కడ కూర్చుని నేను అవ్వకు అన్నీ చెప్పాను, గట్టిగానే. బట్టలు ఉతుక్కునే ఆడవాళ్లు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. బాపు సంగతి కూడా చెప్పాను. ఆయన మీద నాకు కోపం లేదని. అడిగి ఉంటే ఆగేవాడో లేదో అని నువ్వు బాధపడకు అవ్వా, నీకు తెలిసిన రోజు నుంచి నువ్వు అడుగుతూనే ఉన్నావు అని చెప్పాను.

మొగిలయ్య నన్ను పనిలోకి రమ్మంటున్నాడు. జగిత్యాలలో ఉంటానో, ఈ ఇల్లు బాగుచేసుకుని కోరుట్లలోనే ఒక చిన్న షాపు పెడతానో ఇంకా అనుకోలేదు. బావ చూపించుకున్న డాక్టరు దగ్గరికి మాత్రం వచ్చే వారం వెళ్తున్నాం. ఆయనే పేరు రాయించాడు.

ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నీకు పెద్దగా రాయాల్సినవి చాలా మిగిలిపోయాయి. మొదలుపెడితే రాస్తూనే ఉంటాను. బావ బయట నిలబడి సిరిసిల్ల బస్సు వచ్చిందని కేక వేస్తున్నాడు. దీన్ని దారిలో డబ్బాలో వేస్తాను. ఇది చేరేసరికి నేను నీ ఇంట్లో ఉంటాను. చదవడం అయ్యాక పక్కన పెట్టి, మిగతాది నన్నే అడుగు.

శ్రవణ్